బీరువా మీది గిటార్

వేసవి సెలవులకీ గిటార్‌కీ ఏదో లంకె ఉంది. పరీక్షలు అయిపోయిన వారానికే ‘నాన్నా, గిటార్ క్లాసులో చేరతా’ అంటారు పిల్లలు. సరేనంటాం. దసరాకల్లా అది బీరువా మీదికి చేరుతుంది. ఇక దుమ్ము దులిపినప్పుడల్లా డబ్బులు దండగని ఒకరు, పట్టుదల లేదని ఇంకొకరు!

మా ఇంట్లోనూ అంతే. ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మాయి మూడు నెలలు వెళ్లి మానేసింది. వేళ్లు నొప్పంటే ‘మొదట్లో అలాగే ఉంటుంది, ఓర్చుకోవాలి’ అని పెద్దరికం చూపించాను. రెండేళ్ల తర్వాత మా మేనల్లుడు వచ్చాడు. వాడు బాగా వాయిస్తాడు. గిటార్ దింపి, నాలుగుచోట్ల నొక్కి చూసి ‘మావయ్యా, దీన్ని నేనే వాయించలేను. పాపం, అది మూడు నెలలు ఎలా పట్టుకుందో!’ అన్నాడు.

సంగతేమిటంటే, తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి. పన్నెండో గడి దగ్గర తీగకీ కింది లోహపు గీతకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలట. మాదానికి అంతకు రెట్టింపు ఉంది. తీగలు ఆనివుండే తెల్లటి పట్టీని కింది నుంచి కాస్త అరగదీస్తే సరిపోయే పని. మూడు నెలల్లో క్లాసులో ఎవరూ ఆ సంగతి గమనించలేదు. హాల్లో పదిహేనుమంది పిల్లలు, ఒక్క మాస్టారు. ఆయన్ని మాత్రం ఏమంటాం? నిగనిగలాడే రంగు చూసి కొన్నవాణ్ని నేనే కదా!

కాబట్టి ముందు మాస్టారు, తర్వాత గిటార్. కొనేటప్పుడు ఆయన్నో, వాయించడం తెలిసిన మరొకర్నో వెంట తీసుకెళ్లండి. నైలాన్ తీగలవి వేళ్లకి మెత్తగా ఉంటాయి. కానీ వాటి మెడ వెడల్పు ఎక్కువ... పైభాగాన దాదాపు 52 మిల్లీమీటర్లు. స్టీలు తీగల వాటికి 43 దాకా ఉంటుంది. చిన్న చేతులకి ముప్పాతిక సైజువీ, సగం సైజువీ దొరుకుతాయి. చవగ్గా వచ్చాయని నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు మాత్రం బిగించకండి. ఆ లాగుడుకి తీగలు కట్టిన చెక్క ఊడొచ్చే ప్రమాదముంది.

మరి మాస్టారిని ఎంచుకోవడం ఎలా? ‘మూడు నెలల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తాం’ అంటారు. ఆశపడకండి. ఒక్క క్లాసు చూస్తామని అడగండి. వెనక కూర్చుని గమనించండి. శృతి ఆయనే చేసి ఇచ్చేస్తున్నారా, పిల్లల చేత చేయిస్తున్నారా? మణికట్టు వంకర పోతుంటే దగ్గరికొచ్చి సరిచేస్తున్నారా? లేక తానే గడగడా వాయించేసి చప్పట్లు కొట్టించుకుంటున్నారా?

వేగంగా వాయించేవారంతా బాగా నేర్పుతారని లేదు. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌నే చూడండి. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆరేళ్ల కుర్రాడు విని వాయించేవాడు. చెవిని తయారుచేశారన్నమాట.

ఏం నేర్పుతారో కూడా ముందే తేల్చుకోవాలి. సినిమా పాటకి కార్డులు వాయించడం వేరు, స్వరలిపి చూసి క్లాసికల్ వాయించడం వేరు. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షలు ప్రాథమిక స్థాయి నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ఉన్నాయి. మంచివే. కాకపోతే కొన్నిచోట్ల ఏడాది పొడవునా పరీక్షకి కావాల్సిన రెండు మూడు ముక్కలే రుద్దిస్తారు. సర్టిఫికెట్ వస్తుంది, పుట్టినరోజు పాట వాయించమంటే మాత్రం బిక్కమొహం!

ఇంటర్నెట్ పాఠాలు చాలవా అంటారా? ఆస్ట్రేలియాకి చెందిన జస్టిన్ శాండర్‌కో 2003 నుంచీ ఉచితంగా పాఠాలు అందిస్తున్నారు. చక్కగా ఉంటాయి. క్లాసులో అర్థంకానిది పదిసార్లు తిప్పి చూసుకోవచ్చు. కానీ వీడియోకి మీ అమ్మాయి మణికట్టు కనపడదు కదా.

ఇక ఇంట్లో మన వంతు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టేకన్నా రోజూ పావుగంట మేలు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి వేళ్లు మారడమే అసలు కష్టం. ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టి, రోజూ రాసుకోమనండి. వాళ్లకదో ఆటలా ఉంటుంది. గిటార్‌ని సంచిలో దాచకుండా కళ్లెదురుగా, ఎండ తగలనిచోట ఉంచండి. చుట్టాలొచ్చినప్పుడు ‘అంకుల్‌కి ఒకటి వాయించి చూపించమ్మా’ అనడం మాత్రం దయచేసి మానేయండి. మా అమ్మాయి మానేయడానికి అదీ ఒక కారణమని ఈమధ్యే చెప్పింది.

పట్టీ అరగదీయించాక మళ్లీ మొదలుపెట్టింది. వారానికోసారి, అరగంట, ఒక్కతే. కొత్త మాస్టారు మొదటి రోజు అడిగింది ఒకటే... ‘నీకే పాటంటే ఇష్టం?’ అని. ప్రస్తుతం ఎఫ్ కార్డు దగ్గర ఆగింది. చూపుడువేలు ఒక్కదానితో ఆరు తీగలూ నొక్కిపట్టాలట. నెలరోజులుగా సాయంత్రం ఏడు కొట్టేసరికి అదే ముక్క, అదే చోట తెగిపోతూ వినిపిస్తోంది. పక్కింటివాళ్లు ఇంకా ఏమీ అనలేదు.