కాపలా కుక్క వేరు, వేట కుక్క వేరు: మా కర్రోడు నేర్పిన సంగతి

పైన పెట్టిన వీడియోలో మీరు చూసే ఉంటారు. మా కర్రోడు గెనిమ మీద చెవులు నిక్కబొడుచుకుని, ముందుకాలు ఒకటి ఎత్తి, కదలకుండా నిలబడిపోయినాడు. ఎదురుగా రాళ్ల కుప్పలో ఉడుము ఉంది. అది కెమెరాకి కనపడలేదు, వాడికి కనపడింది. నేను ఒక్కసారి పిలిస్తే తల తిప్పి నా దగ్గరికి వచ్చేసినాడు. "ఇందులో ఏముంది అన్నా, కుక్క పిలిస్తే రాదా" అనుకుంటారేమో. ఆ ఒక్క పిలుపుకి నాకు ఏడాది పైన పట్టింది. దాని వెనకాల నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవే ఈరోజు చెప్తాను.

మాది చంద్రగిరి వైపు, శేషాచలం కొండల అంచు. చెనిక్కాయ, కొంచెం తోతాపురి మామిడి, ఇంటి వెనక పెరట్లో కూరగాయలు. ఈ కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించినారు. అడవి ఎక్కడ అయిపోతుందో, మన చేను ఎక్కడ మొదలవుతుందో ఉడుముకి, అడవి పందికి ఏం తెలుస్తుంది? సాయంత్రం అయితే నెమళ్లు పెరట్లోకి దిగుతాయి. చెవుల పిల్లులు, ముంగిసలు, జెర్రిగొడ్లు రోజూ కనపడేవే.

కర్రోడు చిప్పిపారై క్రాస్. తమిళనాడు నుంచి పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాను. 2020 ఆగస్టులో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కొంబై లాంటి మన జాతుల గురించి మాట్లాడినాక ఈ కుక్కల మీద అందరికీ మోజు పెరిగింది. మంచిదే, మన జాతులు మనం పెంచుకోవాలి. కానీ తెచ్చుకునేటప్పుడు ఒక్క మాట ఎవరూ చెప్పరు, నేనూ అడగలేదు. చిప్పిపారై అంటే చెవుల పిల్లిని తరిమి పట్టడానికి తరతరాలుగా పెంచిన జాతి. వాసన కంటే కంటిచూపుతో వేటాడే రకం. కదిలేది ఏదైనా కంట్లో పడితే చాలు, పరుగే. దాన్ని తెచ్చి చేను కాపలాకి పెట్టి, "ఊరికే ఉండరా" అంటే ఎట్ట ఉంటుంది?

మొదటి ఏడు వాడు మూడు జెర్రిగొడ్లని, ఒక ఉడుముని చంపినాడు. నేనేం చేసినాను? భుజం తట్టినాను. వీడియో తీసి తెలిసినోళ్లందరికీ పంపినాను. "సూపర్ కుక్క అన్నా" అన్నారు. నాకూ గర్వంగానే ఉండింది, అబద్ధం ఎందుకు.

ఆ ఏడు చెనిక్కాయ ఊడలు దిగి కాయ పట్టే టైంకి ఎలుకలు పడినాయి. గెనిమల నిండా బొక్కలు. ఇంట్లో దాచిన విత్తనకాయల మూటల్ని కూడా వదల్లేదు. కుక్క పాములని చంపినందుకే ఎలుకలు పెరిగినాయని నేను తేల్చి చెప్పలేను, ఎలుకలు పెరగడానికి వేరే కారణాలూ ఉంటాయి. కానీ ఎలుకని బొక్కలోకి దూరి మరీ తినేది జెర్రిగొడ్డు. దానికి విషం లేదు, మనిషికి దానివల్ల ప్రాణభయం లేదు. ఆ పని చేసేదాన్ని చంపించి, పైగా కుక్కని మెచ్చుకున్నాను.

మనం ఆచ్ఛాదన వేస్తాం, జీవామృతం పోస్తాం, వానపాములు వచ్చినాయని సంబరపడతాం. ఆచ్ఛాదన కింద పురుగులు చేరతాయి, కప్పలు చేరతాయి, ఎలుకలు కూడా చేరతాయి. వాటి వెనకాలే పాము, ముంగిస, ఉడుము వస్తాయి. ఇదంతా ఒక గొలుసు. పురుగుమందు కొట్టకూడదు, మిత్ర పురుగులు చచ్చిపోతాయి అని మీటింగుల్లో మాట్లాడే మనమే, ఇంటికొచ్చి కుక్క చంపిన పాముతో ఫోటో దిగుతాం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాడి కుక్క దేన్ని పడితే దాన్ని తరుముతూ ఉంటే, ఆ రైతు వ్యవసాయం సగమే మారినట్టు. కోపం వచ్చినా పర్వాలేదు, ఇది ముందు నాకు నేను చెప్పుకున్న మాట.

చట్టం సంగతి కూడా ఉంది. ఉడుము, ముంగిస, నెమలి, జెర్రిగొడ్డు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వెంటపడి తరమడం, ఉచ్చు వేయడం కూడా వేటే. "ఉస్కో" అని ఉసిగొల్పి, దాన్ని వీడియో తీసి పెట్టేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

నా కళ్లు తెరిపించింది మాత్రం చట్టమూ కాదు, ఎలుకలూ కాదు. ఒకరోజు రాత్రి పందుల అలికిడికి కర్రోడు చీకట్లోకి దూసుకుపోయినాడు. ఎంత పిలిచినా రాలేదు. తెల్లారి వెతికితే వేరే వాళ్ల చేను పక్కన పొదలో దొరికినాడు, నడుముకి బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు బిగుసుకుని. గుంజుకునే కొద్దీ వైరు చర్మం కోసుకుని లోపలికి దిగింది. ఎవరి చేనో, ఎవరు పెట్టినారో ఇక్కడ రాయను. ఉచ్చు కోసి భుజాన వేసుకుని వస్తావుంటే నా చొక్కా అంతా నెత్తురే. మా అమ్మ గడపలో నిలబడి చూసి ఒకటే మాట అనింది. "అబ్బోడా, పామును చంపినప్పుడు గుడ్డు పెట్టింది నువ్వే కదరా. ఇప్పుడు వాణ్ణి తిట్టి ఏం లాభం?"

నిజమే. జెర్రిగొడ్డుని చంపిన రోజు నేను వాడికి ఉడకబెట్టిన గుడ్డు పెట్టినాను.

ఆ రాత్రి ఉచ్చు కాకుండా దొంగ కరెంటు తీగ తగిలుంటే అక్కడికక్కడే అయిపోయేది. పందుల కోసం పెట్టే నాటు బాంబు కొరికి ఉన్నా అంతే. మన జిల్లాలో మేతకి పోయిన ఆవులే ఆ బాంబులు కొరికి నోరు పగిలిన సంగతులు మీరు వినే ఉంటారు. ఇంక చిరుత. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపిన తర్వాత మన వైపు అందరికీ భయం పట్టుకుంది. చిరుతకి కుక్క ఇష్టమైన తిండి. మహారాష్ట్రలో అకోలే అనే చోట చెరకు తోటల మధ్య బతికే చిరుతల మీద పరిశోధన చేస్తే, అవి తినే మాంసంలో బరువు లెక్కన దాదాపు 40 శాతం కుక్కలదే అని తేలింది. అట్టాంటప్పుడు రాత్రంతా పొదల కేసి మొరుగుతూ ఉరికే కుక్క మనకి కాపలా కాయడంలా, చిరుతకి దారి చూపిస్తా ఉంది. పలమనేరు, కుప్పం వైపు ఉండేవాళ్లకి ఇంకో ప్రమాదం. కుక్క ఏనుగు మీదికి మొరిగి, భయమేస్తే నేరుగా యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. వెనకాల ఏనుగు కూడా వస్తుంది.

ఇప్పుడు నేను ఏం మార్చినానో చెప్తాను.

రాత్రి బయట కట్టేయడం మానేసినాను. ఆరుబయట గుంజకి కట్టిన కుక్క చిరుతకి ఎరే. కొట్టం పక్కన ఇనుప మెష్‌తో చిన్న గది కట్టి, పొద్దు గుంకగానే లోపల పెట్టి గడియ వేస్తాను. అలికిడి అయితే అక్కడి నుంచే మొరుగుతాడు. మాకు తెలియడానికి అది చాలు.

పెరటి కంచెకి నాలుగు అడుగుల ఎత్తున పచ్చ షేడ్ నెట్ కట్టినాను. వీడు కంటితో వేటాడే రకం కాబట్టి కనపడకపోతే సగం గోల తగ్గింది. ఇంటి పక్కనే ఉండిన కట్టెల మోపుని, రాళ్ల కుప్పని దూరంగా చేని మూలకి మార్చినాను. అన్నిటికంటే నవ్వొచ్చేది ఏందంటే, వాడు వదిలేసిన సంగటి ముద్దలకి ఎలుకలు, ఎలుకల కోసం ముంగిస, ముంగిసని చూసి వీడి గోల! గిన్నె రాత్రి పూట బయట ఉంచడం మానేస్తే అదీ తగ్గింది.

నేర్పడం విషయానికి వస్తే, ముప్పై అడుగుల తాడు, జేబులో కోడి లివర్ ముక్కలు, అంతే. మొదట ఇంట్లో, తర్వాత పెరట్లో, ఆ తర్వాత చేలో. ఏ జంతువూ లేనప్పుడు పిలిచి వందసార్లు వస్తేనే, జంతువు ఉన్నప్పుడు ఒకసారి వస్తాడు. వీడియోలో రెండోసారి చూడండి. చూపు నిలిచిపోయి ముందుకాలు లేచింది కదా, పిలవాల్సింది ఆ క్షణంలోనే. పరుగు మొదలైతే ఎవరు పిలిచినా చెవికెక్కదు. తరమడమే వాడికి బహుమానం, పట్టినా పట్టకపోయినా. అందుకే "కొంచెంసేపు ఆడుకోనీలే" అని వదిలిన ప్రతిసారీ వారం రోజుల పని వృథా.

ఇంకోటి, తిరిగొచ్చిన కుక్కని కొట్టొద్దు. నేను మొదట్లో గొలుసుతో ఒకటి వేసినాను. వాడు తరమడం ఆపలేదు, నా దగ్గరికి రావడం ఆపినాడు. అది సరిచేసుకోడానికే రెండు నెలలు పట్టింది. పొద్దున, సాయంత్రం తాడుతో బాగా నడిపిస్తే కూడా చాలా తేడా ఉంటుంది. పరుగెత్తే జాతిని పగలంతా గొలుసుకి కట్టేస్తే దానికి పిచ్చెక్కక ఏమవుతుంది?

టీకాలు మర్చిపోవద్దు. ముంగిస, నక్క నుంచి కుక్కకి రేబిస్ రావచ్చు. మన కుక్కల డిస్టెంపర్ అడవి జంతువులకీ పోతుంది, 2018లో గుజరాత్ గిర్‌లో సింహాలు ఆ వైరస్‌తో కూడా చచ్చిపోయినాయి. రక్తపింజర కాటుకి మూతి వాస్తే పసరు వైద్యం అని టైం పోగొట్టకుండా పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. విషానికి విరుగుడు యాంటీవెనమ్ ఒక్కటే.

"మరి పందులు వస్తే ఎట్ట మామా, కుక్కని గదిలో పెడితే చేను ఎవరు కాస్తారు" అని మా మేనల్లుడు అడిగినాడు. సరైన ప్రశ్నే. పోయిన ఏడు ఒక మూల నాలుగు గుంటల చెనిక్కాయ పందులు తవ్వేసినాయి. కుక్క బయట ఉండుంటే ఆ నాలుగు గుంటలు మిగిలేవేమో. కాయ పట్టినాక నెలా నెలన్నర మేము వంతులేసుకుని మంచె మీద పడుకుంటాం, టార్చి, డబ్బా చప్పుడు. నిద్ర పాడవుతుంది, కాదనను. ఆ మంచె మీద నా పక్కన కర్రోడు కూడా ఉంటాడు, తాడు నా నడుముకే కట్టుకుంటాను. పంది వాసన వస్తే నా కంటే ముందు లేస్తాడు. నేను టార్చి వేస్తాను, వాడు మొరుగుతాడు, పంది పోతుంది.

వాడి నడుము చుట్టూ వెంట్రుక మొలవని గీత ఇంకా ఉంది. వీడియోలో వెనక్కి తిరిగేటప్పుడు కనపడుతుంది. రాళ్ల కుప్పలో ఉడుము కూడా అక్కడే ఉంది, మొన్న రెండు పిల్లల్ని కూడా చూసినాము.