లక్షణానికి కుర్చీ, లక్ష్యానికి గుమ్మం

విశ్వవిద్యాలయంలో సంగీతం ఎందుకుండాలి అనే ప్రశ్నకు మన పండితులు చాలాకాలంగా ఒకటే జవాబు చెబుతున్నారు. పాడటం, వాయించటం సభలవాళ్ల పని. శాస్త్రాన్ని విచారించటం విశ్వవిద్యాలయం పని. రెండింటినీ కలిపితే శాస్త్రం పలచబడుతుందట, కచేరీలు విద్యార్థుల కాలాన్ని తినేస్తాయట. ఇటీవల ఒక సదస్సులో ఒక ఆచార్యుడు యీ మాటను మరికొంచెం ముందుకు తీసుకుపోయి, "మాది గాయకుల్ని తయారుచేసే కార్ఖానా కాదు" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు కొట్టినవారిలో మన అభ్యుదయ మిత్రులు కూడా కొందరుండటం వల్ల యీ వ్యాసం రాయవలసి వచ్చింది.

ఈ వాదంలో పస ఎంతో చూద్దాం.

మన సంగీతంలో లక్ష్యం, లక్షణం అని రెండు మాటలున్నాయి. గొంతులో, వాద్యం మీద, వాడుకలో వున్న సంగీతం లక్ష్యం. దాన్ని విని, చూసి రాసుకున్న నియమం లక్షణం. ఏది ముందో, ఏది వెనకో వేరే చెప్పనక్కరలేదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక'లో 72 మేళాలను లెక్కకట్టాడు. కాని ఆ లెక్క కట్టినవాడే తన కాలంలో వాడుకలో వున్నవి 19 మాత్రమేనని గుర్తించి, వాటి సంగతే విస్తరించి చెప్పాడు. మిగతావి గణితం కన్న బిడ్డలు; తరవాతి వాగ్గేయకారులు పాడితేగాని వాటికి ఊపిరి రాలేదు. ఇవాళ మన సంగీతశాఖల్లో 72 మేళాల పేర్లూ ఏకరువు పెట్టగల విద్యార్థులు దొరుకుతారు. వాటిలో పట్టుమని పదింటిని అరగంటసేపు పాడగలవారు ఎందరని అడిగితే, ఆ ప్రశ్న అడగటమే అమర్యాద అవుతుంది.

లక్షణం తక్కువదని నా వాదం కాదు. ఎట్టయపురంలో 1904లో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో వెలువడిన మహాగ్రంథం. గమకాలను కాగితం మీద పెట్టడానికి ఆయన ప్రత్యేకంగా గుర్తులు వాడాడు. ఒక జీవితకాలపు శ్రమ అది. కాని ఆ గుర్తుల్ని సరిగా చదవాలంటే ఆ రాగం అంతకుముందే చెవిలో వుండాలి. బేగడలో నిషాదం ఎక్కడ నిలవాలో, శహానలో గాంధారాన్ని ఎలా తాకాలో ఆరోహణ అవరోహణలు రాసి ఎవరూ ఎవరికీ నేర్పలేరు. ఎదురుగా కూర్చుని పాడాలి, పాడించాలి. అంచేత ప్రదర్శన అనేది శాస్త్రం పని అయిపోయాక సాయంకాలం జరిగే వినోదం కాదు. సంగీతశాస్త్రానికి అదే ప్రయోగశాల. ప్రయోగశాల లేకుండా రసాయనశాస్త్రంలో పట్టా ఇస్తామంటే ఒప్పుకోని విద్యార్థులు సంగీతం విషయంలో ఎందుకు ఒప్పుకుంటున్నారో నాకు బోధపడదు.

పాడేవాళ్ల వరస తెగిపోతే పండితుడికి ఏం మిగులుతుందో తెలుసుకోవటానికి అన్నమయ్యే చాలు. 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. దొరికినవి అందులో సగమైనా లేవు. దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం వుంది, రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటిలో కొన్నింటికి వరసలు కట్టి స్వరపరచాడు. ఆయన మైసూరు కళాశాలలో తెలుగు చెప్పిన పండితుడు, స్వయంగా సంగీత విద్వాంసుడు కూడా. రెండూ ఒక మనిషిలో వుండబట్టే ఆ పని జరిగింది. అయినా అన్నమయ్య ఏ వరసలో పాడాడో మనకిక తెలిసే దారి లేదు. రాగిరేకులు భద్రంగానే వున్నాయి. గొంతులే పోయాయి.

ఇంతకంటె దారుణం మన కళ్లముందే జరిగింది. క్షేత్రయ్య పదాలకు అభినయం పట్టటం కళావంతుల స్త్రీలకు తెలిసిన విద్య. 1947లో మద్రాసులో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ స్త్రీలను పీడించిన వ్యవస్థ పోవలసిందే. అందులో రెండో మాట లేదు. కాని వ్యవస్థతోపాటు వాళ్ల విద్యనూ వీధిలోకి నెట్టారు. 1950లో విస్సా అప్పారావు క్షేత్రయ్య పదాలను పరిష్కరించి గ్రంథంగా తెచ్చాడు. ఆ పదాలు ఆడి పాడిన స్త్రీలు ఆనాటికింకా ఊళ్లలో బతికేవున్నారు. వాళ్లలో కొందరినైనా ఏ విశ్వవిద్యాలయమైనా పిలిచి, ఉద్యోగమిచ్చి, మర్యాదగా కుర్చీ వేసి, మా పిల్లలకు నేర్పండి అనవచ్చును. అనలేదు. కులీనత మీద అనుమానం వున్న సంస్థలు గ్రంథాన్ని లోపలికి తీసుకున్నాయి, మనిషిని తీసుకోలేదు. నటరాజ రామకృష్ణ వంటివారు సొంత పూనికతో వాళ్ల దగ్గర నేర్చుకోకపోతే ఆ మిగిలిన కాసింతా పోయేది.

ఇప్పుడు 1919 నాటి విజయనగరం సంగతి చెబుతాను. అక్కడ మహారాజు సంగీత కళాశాల పెట్టి, కాళ్లకు గజ్జెకట్టి హరికథ చెప్పే ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షుణ్ణి చేశాడు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి ఫిడేలు విని, ఇతడు నేర్చుకోవలసినవాడు కాదు నేర్పవలసినవాడని ఆచార్య పదవి ఇచ్చారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. పట్టా అడగలేదు, విన్నారు. 1936లో ఆయనే అధ్యక్షుడయ్యాడు. జమీందారీ యుగాన్ని నేను కీర్తించటం లేదు. అదే ఊళ్లో ఘంటసాల మధుకరమెత్తి తిని చదువుకున్నాడు. రాజుగారి దయ హక్కు కాదు, ఆ దయ అందని కులాలకు ఆ గేటు కూడా తెరుచుకోలేదు. నా ప్రశ్న వేరు. జమీందారుకున్న పాటి చెవి మన ప్రజాస్వామ్య విశ్వవిద్యాలయానికి ఎందుకు లేదు?

లేదనటానికి రుజువు నిబంధనల్లోనే వుంది. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యాపక నియామకాలకు నియమాలు వెలువరించింది. సంగీతం, ప్రదర్శన కళల్లో పేరున్న కళాకారుణ్ణి పిహెచ్.డి. లేకున్నా తీసుకోవచ్చునంది. ఎంత ఉదారం! కాని ఆ విషయంలోనే బి.ఏ. స్థాయి పట్టా మాత్రం వుండితీరాలంది. గుంటూరుజిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టి, బుర్రకథను తెలుగుదేశమంతటా ప్రజల ఆయుధంగా తీర్చి, దళాలకు దళాలను తయారుచేసిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఇవాళ బతికి వచ్చి బుర్రకథ నేర్పుతానంటే, ఈ నిబంధన ప్రకారం దరఖాస్తు పరిశీలన దగ్గరే ఆగిపోతాడు. ఆయన మీద పరిశోధన చేసినవాడికి మాత్రం ఉద్యోగం వస్తుంది. 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని మరో ఏర్పాటు చేశారు. దానికి పట్టా అక్కరలేదు. కాని అది మూడేళ్లకు, మహా అయితే మరో ఏడాదికి. పదవుల్లో పదోవంతు దాటకూడదు. కంపెనీల అధికార్లను కళాశాలలకు తేవటానికి బాగానే పనికివస్తుందేమోగాని, ఊరు వదిలి, బృందాన్ని వదిలి వచ్చే ఒగ్గుకథ కళాకారుడికి నాలుగేళ్ల తరవాత ఏ గతి?

జానపద కళల విషయంలో మనం కొంత ముందుకు వెళ్లాం, కాదనను. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1958లో గ్రంథం తెచ్చినప్పుడు, కూలివాళ్ల పాటలకు పట్టా ఏమిటని నవ్వే పండితుల కాలమది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం వచ్చింది. మంచి పనులే. కాని చాలా సిద్ధాంత గ్రంథాల్లో పాట మాటగా మారి సాహిత్యశాఖ బీరువాలోకి పోయింది. వరస ఏది, దరువు ఏది, గుమ్మెట ఎక్కడ ఎత్తుకుంటుంది అన్నది అనుబంధంలో కూడా కనబడదు.

ఒకసారి ఒక విశ్వవిద్యాలయంలో ఒగ్గుకథ మీద పిహెచ్.డి. మౌఖిక పరీక్షకు వెళ్లాను. పరిశోధకుడికి మూడు రాత్రులు కథ చెప్పిన పెద్దాయన, పిలిచారు గనుక, డోలుతో సహా వచ్చాడు. ఆయన బయట గుమ్మం దగ్గర బల్లమీద కూర్చున్నాడు. లోపల మేమంతా రష్యా పండితుడు ప్రోప్ కథానిర్మాణ సూత్రాల గురించి గంటన్నర వాదించుకున్నాం. పరీక్షకుడొకడు కథలో తప్పు పట్టాడు. ఆ తప్పు తప్పో కాదో చెప్పగలవాడు గోడకు అవతలే వున్నాడు. ఆయన్ను లోపలికి పిలుద్దామంటే, నిబంధనలు ఒప్పుకోవన్నారు. పరీక్ష అయ్యాక శాలువా కప్పి ఫొటో తీసుకున్నారు. దారిఖర్చుల సంగతి పరిశోధకుడే చూసుకున్నాడు.

ఇక మన మిత్రుల మాట. శాస్త్రీయ సంగీతం భూస్వామ్య సంస్కృతి అవశేషం, అది పోతే మనకేం అనేవారున్నారు. నాజర్ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడని వీరికి గుర్తుండదు. ఆ సాధన లేకపోతే గంటలకొద్దీ వేలమందిని కూర్చోబెట్టగల గొంతు వచ్చేది కాదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి పాత కళారూపాలను పారేయలేదు, వశం చేసుకుంది. నిజానికి మన మిత్రులదీ పండితులదీ ఒకటే జబ్బు. మన సభల్లో కూడా పాటగాళ్లను ఎప్పుడు పిలుస్తాం? వక్తలు రాకముందు. జనం చేరేదాకా పాడండి అంటాం. నాయకుడు రాగానే చరణం మధ్యలో ఆపించేస్తాం. ఉపన్యాసం శాస్త్రం, పాట దరువు!

2009 డిసెంబరు నుంచి ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ముందు పాట ఏం చేసిందో చూసినవాళ్లం కదా. పాఠ్యప్రణాళికలో లేని పాట, ఏ శాఖా నేర్పని పాట, ఆ మెట్లమీద వేలమంది విద్యార్థులను నిలబెట్టింది. బడి మొహం చూడని అందెశ్రీ రాసిన పాట ఊరూరా పాడారు. 2024లో అది రాష్ట్ర గీతమైంది. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. సంతోషమే. కాని గౌరవ డాక్టరేటుతో తరగతి గదిలో పాఠం చెప్పే అర్హత రాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకు, 2024లో, ఆయన ఇళ్లు కట్టేచోట కూలిపనికి పోతున్నట్టు పత్రికలు రాశాయి. ఆ కిన్నెర నేర్చుకోగల విద్యార్థులు హైదరాబాదులోనే వేలమంది వుంటారు. గురువూ వున్నాడు, శిష్యులూ వున్నారు. మధ్యన పట్టా అడ్డం.

పాడగలవాడల్లా పాఠం చెప్పలేడని నాకు జవాబు వస్తుంది. నిజమే. పిహెచ్.డి. వున్నవాడల్లా చెప్పగలుగుతున్నాడా? వైద్యకళాశాలలో ఆచార్యుడిగా వున్న శ్రీపాద పినాకపాణి నేదునూరి కృష్ణమూర్తికీ, వోలేటి వెంకటేశ్వర్లుకూ పాఠం చెప్పాడు. వందలకొద్దీ కృతులను స్వరపరచి 'సంగీత సౌరభం' సంపుటాలు రాశాడు. ఆయనకు ఎం.డి. వుంది, సంగీతంలో పట్టా కాదు.

డబ్బు లేదని ఇంకో జవాబు. నేనడిగేవాటిలో డబ్బు కావలసినవి తక్కువ. నియామక నిబంధనలో ఆ పట్టా షరతు కొట్టెయ్యాలి. అది ఢిల్లీలో జరగాలి, అందుకు అధ్యాపక సంఘాలు పోరాడాలి. మిగతావి ఇక్కడే చెయ్యవచ్చును. పాట మీద పరిశోధన చేసేవాడు ఆ పాట కొంతైనా పాడి వినిపించాలి. ఎవరి విద్య మీద గ్రంథం రాశాడో వారిలో ఒకరు పరీక్షక సంఘంలో కూర్చోవాలి. బయటినుంచి వచ్చే ఆచార్యుడికిచ్చే దారిఖర్చూ, భత్యమూ వారికీ ఇవ్వాలి. పరిశోధకులు తీసిన ధ్వనిముద్రణలు వాళ్ల ఇళ్లలో పాడైపోకుండా గ్రంథాలయానికి చేరాలి, ఒక ప్రతి పాడినవారికి ముట్టాలి. వసతిగృహంలో వారానికొక సాయంత్రం, ఉపన్యాసం లేకుండా, పాటే జరగాలి. దరఖాస్తు సిద్ధం చేశాను. వచ్చే విద్యామండలి సమావేశానికి ముందు సంతకాలు పెట్టదలచిన అధ్యాపకులు, విద్యార్థులు సంఘ కార్యాలయంలో పెట్టవచ్చును.