మాటకు తోడు మాట

ఇంగ్లీషులో ‘టేక్’ ఒక్కటుంటే చాలు: ఫొటో, స్నానం, మాత్ర, సెలవు, పరీక్ష, అన్నిటికీ సరిపోతుంది. తెలుగులో అలా కాదు. ఫొటో తీస్తాం, స్నానం చేస్తాం, మాత్ర వేసుకుంటాం, సెలవు పెడతాం, పరీక్ష రాస్తాం. హిందీలోనైతే ఫొటో ‘లాగుతారు’, మందు ‘తింటారు’. ఏ భాష జతలు ఆ భాషవే.

బదిలీలతో ఊళ్లు మారే మనకు ముందుగా జారిపోయేవి ఈ జతలే. పదాలు గుర్తుంటాయి, కానీ ‘స్నానం తీసుకున్నాను’ అనేస్తాం. అమ్మమ్మకు అర్థమవుతుంది, అయినా ఆ మాట ఆమె చెవికి పరాయిగానే తగులుతుంది.

అందుకే కొత్త పదాన్ని ఒంటరిగా కాక, దాని క్రియతో కలిపి నోట్‌బుక్‌లో రాసుకుందాం. ఇంగ్లీషుకైనా ఇదే పద్ధతి: హోంవర్క్‌కు జత ‘డూ’, ‘మేక్’ కాదు. ఎన్ని ఊళ్లు మారినా మాటల జతలను మాత్రం విడదీయొద్దు.