గుహలకు హద్దు, తోటలకు లేదా?

ఉండవల్లి గుహలను దర్శింపవచ్చు విజయవాడ పౌరులు వాని ముందరి పచ్చికపై సేదదీరుచుందురు. ఆ స్థలము కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. 1958 నాటి చట్టమునకు 2010లో జరిగిన సవరణ ననుసరించి, రక్షితప్రదేశపు హద్దునుండి 100 మీటర్లలోపల నూతననిర్మాణము నిషిద్ధము. ఆపై 200 మీటర్లవరకు అనుమతి కావలయును. మంచిదే.

కాని పై యంతస్తున నిలిచి చూచినచో, అసలైన యుద్యానము ఆ గీతకు వెలుపలనే కానవచ్చును. కృష్ణయొడ్డున అరటితోటలు, పూలతోటలు, కూరగాయల మళ్లు: ఇవి జరీబు భూములు. ఏటిచెమ్మ యుండుటచే ఏడాదికి పెక్కు పంటలనిచ్చును. 2015లో రాజధానికై భూసమీకరణ సాగినపుడు ఉండవల్లి, పెనుమాక రైతులు పలువురు ఈ హేతువుచేతనే సమ్మతింపరైరి. వారిని అభివృద్ధినిరోధకు లనినవారును గలరు! రాజధాని వలదని మేమనము. రాతిని మలచిన శిల్పి పనితనము వారసత్వమైనపుడు, మట్టిని మలచిన కర్షకుని పనితనము ఖాళీస్థల మెట్లగును? మిగిలియున్న తోటలను రాజధాని పటములో సేద్యమునకే విడిచి, గుహలనుండి వాని గట్లవెంబడి యాత్రికులకు కాలిబాట నేర్పరచుట ప్రభుత్వమువారికి భారము కాదు.