పేలు ఎవరి తలలో ఉన్నాయి?



గురువారం స్టాఫ్‌రూమ్‌లో ఒక మాట విన్నాను. మా హాస్టల్ పిల్లలకి గజ్జి తగులుకుంది. "వాళ్లంతే మేడమ్, తల్లులు శుభ్రత నేర్పరు" అన్నారు ఒక సార్. ఆ వాళ్లలో నేనూ ఉన్నానని ఆయనకి తెలుసు.

ఈ మాట ఇంగ్లండుకీ కొత్త కాదు.

1939 సెప్టెంబర్ 1. బాంబులు పడతాయన్న భయంతో బ్రిటన్ నగరాల పిల్లల్ని, పసిబిడ్డల తల్లుల్ని పల్లెలకి తరలించడం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల మంది. మురికివాడల పిల్లలు కలిగినవాళ్ల ఇళ్లలో దిగారు. తల్లో పేలు, ఒంటి మీద పుండ్లు, రాత్రిళ్లు పక్క తడపడం. ఇంక చూడండి గోల! పత్రికలకి ఉత్తరాలు, పార్లమెంటులో చర్చ. ఏం తల్లులమ్మా వీళ్లు అని. తోలు తెల్లగా ఉన్నా పేదపిల్ల మైలే.

బడిపిల్లలకి వైద్య పరీక్షలు చేయించాలని స్థానిక విద్యాశాఖలకి 1907లోనే చట్టం చెప్పింది. రిపోర్టులూ వచ్చాయి. తీరా యుద్ధంలో తలలు లెక్కపెడితే, రిపోర్టుల్లో ఉన్నదానికంటే పేలు చాలా ఎక్కువ. చూసీ చూడనట్టు చూశారన్నమాట. తిట్లు మాత్రం తల్లులకి.

ఇంకోటి వినండి. సరిగ్గా అదే సెప్టెంబర్ 1న బడి మానే వయసు 14 నుంచి 15కి పెరగాలి. 1936 చట్టంలో రాసుకున్నారు. దాంట్లోనూ ఒక సందు పెట్టారు: "మేలైన ఉద్యోగం" దొరికితే 14కే వదిలేయొచ్చట, ఏది మేలో స్థానిక అధికారులు తేలుస్తారట! యుద్ధం రాగానే అసలు పెంపునే ఆపేశారు. పెరిగింది 1947లో. ఈ ఏడున్నరేళ్లూ ఎవరి పిల్లలు 14కే పనికిపోయారు? దొరల పిల్లలు కాదు. 1941 డిసెంబర్లో మళ్లీ ఉత్తర్వు: 16 దాటిన పిల్లలు పేర్లు నమోదు చేయించుకోవాలి; యువజన సంఘాల్లో చేరమని వాళ్లని ప్రోత్సహించారు, చేరడం మాత్రం తప్పనిసరి కాదు. బడి మాన్పించినవాళ్లే క్రమశిక్షణ నేర్పుతారట.

డబ్బుల్లేవంటారా? ఫ్రాన్స్ లొంగిపోయిన మరుసటి నెల, 1940 జులైలో, ఐదేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, బాలింతలకి రోజుకో పైంటు పాలు చౌకగా ఇచ్చారు. పేదలకి ఊరికే. 1944 చట్టంతో బడిలో పాలూ భోజనమూ స్థానిక విద్యాశాఖల విధి అయింది. నెత్తిన యుద్ధం పెట్టుకుని చేశారు. ఆ ప్రభుత్వం కిందే 1943లో బెంగాల్లో లక్షల మంది ఆకలితో చచ్చారు, అది వేరే సంగతి. కాదు, అదే సంగతి.

సార్ మాట తర్వాత హాస్టల్ హెల్త్ రిజిస్టర్ తెప్పించాను. డాక్టర్ నెలనెలా వచ్చినట్టు సంతకాలున్నాయి. ఇంటర్ అమ్మాయిలు ఆరుగురిని అడిగాను. ఆయన ఆడో మగో కూడా వాళ్లకి తెలీదు.