వెనక కొండ, ముందు దారి

కాలిఫోర్నియాలో మనవాళ్ళ గృహప్రవేశానికి ఎక్కడికి వెళ్ళినా ఈ మధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. సత్యనారాయణ వ్రతం అయ్యి, పులిహోర ప్లేటు చేతికొచ్చాక ఇంటాయన మనల్ని పెరట్లోకి తీసుకెళ్ళి చూపిస్తాడు. "వెనక అంతా ఓపెన్ స్పేసండీ, ఇంకెవరూ కట్టరు." ఆ వ్యూ కోసం బిల్డరుకి విడిగా ప్రీమియం కట్టి ఉంటాడు. కొండ నిజంగానే బాగుంటుంది. మార్చిలో పచ్చగా, జూన్ వచ్చేసరికి బంగారు రంగులో. ఆ బంగారం ఎండుగడ్డి అన్న సంగతి మాత్రం ఆ పూట ఎవరూ ఎత్తరు. శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే నేనూ ఎత్తను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అడవుల్నీ గడ్డికొండల్నీ ఆనుకుని ఇళ్ళు కట్టుకోవడం ఒక్క మనవాళ్ళ ముచ్చటే కాదు. 1990లో అమెరికాలో ఇలాంటి అంచుల్లో సుమారు 3 కోట్ల 8 లక్షల ఇళ్ళుంటే, 2010కి అవి 4 కోట్ల 34 లక్షలయ్యాయి. దేశంలో మూడిళ్ళకి ఒకటన్నమాట. ఈ కొండలు పూర్వమూ కాలేవి, దారిలో ఇళ్ళు తక్కువ, అంతే. 1964లో హాన్లీ అనే మంట కాలిస్టోగా నుంచి శాంటా రోసా అంచుదాకా వచ్చింది. 2017 అక్టోబరులో టబ్స్ మంట దాదాపు అదే దారి పట్టింది. మధ్యలో ఉన్న కొండలమీద ఆసరికి పెద్ద పెద్ద కాలనీలే వెలిశాయి. ఈసారి 22 మంది చనిపోయారు, 5,600కి పైగా కట్టడాలు పోయాయి.

అందులో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది కాఫీ పార్క్ అనే పేట. కొండమీద కూడా కాదు, చదును నేలలో మనందరం ఉండేలాంటి సబ్‌డివిజన్. కొండకీ దానికీ మధ్య 101 హైవే ఆరు లేన్లతో అడ్డంగా ఉంది. ప్రమాదకర ప్రాంతాల మ్యాపులో ఆ పేట లేనే లేదు. అయినా వెయ్యికి పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. గాలికి ఎగిరిన నిప్పురవ్వలు హైవే దాటి వచ్చి పడ్డాయి.

నిప్పురవ్వ సంగతి మన పెద్దవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తాటాకు ఇళ్ళ రోజుల్లో, ఎండాకాలం గాలిలో ఒక కొంప అంటుకుంటే వీధి వీధంతా పోయేది. అందుకే గడ్డివామి ఇంటికి దూరంగా వేసేవారు. ఇక్కడి అటవీశాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఏళ్ళ తరబడి పరిశోధించి తేల్చిందీ దాదాపు ఇదే. ఇల్లు అంటుకోవడమా, నిలవడమా అన్నది చాలావరకు ఆ ఇంటిమీద, దాన్ని ఆనుకుని ఉన్న కొద్ది స్థలంమీద ఆధారపడుతుంది. కాలిఫోర్నియా చట్టం ఇలాంటి చోట్ల ఇంటి చుట్టూ 100 అడుగుల దాకా ఎండుగడ్డీ తుప్పలూ తగ్గించాలంటుంది. ఆ వందలో గోడనుంచి మొదటి అయిదడుగులే అన్నిటికన్నా ముఖ్యం.

ఆ అయిదడుగుల్లో మనిళ్ళలో ఏముంటాయో చూడండి. గోడ వారన అందంగా పరిచిన చెక్కపేళ్ళ మల్చ్. ఇంటిని తాకుతూ చెక్క ఫెన్సు. కొబ్బరిపీచు డోర్‌మాటు. గుమ్మానికి గృహప్రవేశం నాటి మావిడాకుల తోరణం, ఆరునెలలైనా ఎండి గలగలలాడుతూ! దాన్ని తీసెయ్యడం అపశకునం కాదండీ, పండక్కి కొత్తది కట్టుకోవచ్చు. పైన గట్టర్లలో ఎండుటాకులు తీయించండి. అటక వెంట్లకి అంగుళంలో ఎనిమిదో వంతుకి మించని కన్నాల లోహపు జాలీ ఉందో లేదో చూపించండి. ఇవేవీ లక్షల ఖర్చు కావు. 2008 తర్వాత ప్రమాద ప్రాంతాల్లో కట్టిన ఇళ్ళకి బిల్డింగు నిబంధనలు గట్టిగానే ఉన్నాయి కానీ, పెరట్లో మనం పేర్చిన సామాను బిల్డరు చూడడు కదా.

ఇక దారి సంగతి. 2018 నవంబరు 8న పారడైజ్ అనే కొండ ఊరు కాలిపోయినప్పుడు 85 మంది పోయారు. సుమారు 26 వేల జనాభా ఒక్కసారి దిగుతుంటే ఉన్న కొద్ది రోడ్లూ కార్లతో నిండిపోయాయి. పోయినవారిలో ఎక్కువమంది 65 దాటినవాళ్ళే. అది చదివినప్పటినుంచి నాకు మన ఇళ్ళే గుర్తొస్తున్నాయి. అమ్మానాన్నలు వచ్చి ఆరునెలలుండేది సరిగ్గా ఈ ఎండాకాలంలోనే. మనం ఆఫీసులో, పిల్లలు స్కూల్లో. వాళ్ళకి డ్రైవింగు రాదు, చేతిలో ఉన్నది ఇండియా ఫోను. కౌంటీ హెచ్చరికలకి మన నంబరు రిజిస్టరు చేసుకుంటే మనకి తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళకి కాదు. వాళ్ళకో లోకల్ నంబరు ఇప్పించి అదీ రిజిస్టరు చెయ్యండి. పగలు ఇంట్లో ఉండే పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడి ఉంచండి. వార్నింగ్ అంటే ప్రమాదం రావచ్చని, ఆర్డర్ అంటే ఉన్నపళంగా వెళ్ళాలని. పెద్దవాళ్ళు, పసివాళ్ళు ఉన్న ఇల్లు వార్నింగ్‌కే బయల్దేరాలి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులు, కళ్ళజోడు ఒకే సంచిలో తలుపు దగ్గర ఉండాలి. పెళ్ళి ఆల్బం వెతుక్కునే వేళ కాదది.

ఇల్లు ఇంకా కొననివాళ్ళకి ఒక్కమాట. కౌంటర్‌టాప్ గ్రానైటా క్వార్ట్జా అని అడిగేముందు, కాలనీనుంచి బయటికి దారులెన్నో అడగండి. ఒక్కటే అయితే ఎంత వ్యూ ఉన్నా నేను మాత్రం కొనను. ఇన్సూరెన్సు కొటేషన్ కూడా సంతకానికి ముందే తీసుకోండి. మామూలు కంపెనీలు కాదంటే చివరికి మిగిలేది ఫెయిర్ ప్లాన్, దాని కవరేజీ తక్కువ. ఇక సీజన్ అయిపోయిందిలే అనుకోవడానికీ లేదు. లాస్ ఏంజెలెస్‌లో 16 వేలకి పైగా కట్టడాల్ని మింగిన మంటలు 2025 జనవరిలో, మన సంక్రాంతికి వారం ముందు మొదలయ్యాయి.

పిల్లలూ, ఒక పని మీది. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో కరెంటు కంపెనీలే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తాయి. బ్యాటరీ లేని పాత గరాజ్ తలుపులు అప్పుడు బటన్ నొక్కినా తెరుచుకోవు. గరాజ్‌లో పైనుంచి ఎర్రటి తాడు వేలాడుతూ ఉంటుంది చూడండి, అది లాగి తలుపు చేత్తో ఎత్తాలి. ఈ శనివారం నాన్నని పక్కన ఉంచుకుని, తలుపు మూసి ఉన్నప్పుడు, తాతయ్య చేత, నాయనమ్మ చేత ఒకసారి లాగించండి. అందకపోతే తాడు ఇంకో మూర పొడుగు కట్టండి.