రెండు దశల బుల్లి రాకెట్... రెజ్యూమెకి ఎంత బరువు?

హైదరాబాద్‌లో ప్రైవేటు రాకెట్ కంపెనీ. తిరుపతి, లేపాక్షిల్లో స్పేస్ సిటీల ప్రతిపాదన. ఇంజినీరింగ్ కాలేజీల్లో రాకెట్రీ క్లబ్బులు. ‘స్పేస్‌లో జాబ్’ అన్న మాట బీటెక్ క్యాంపస్‌లలో ఇప్పుడు బాగానే వినిపిస్తోంది. దాంతోపాటే ఒక్కరోజు వర్క్‌షాపులు, కిట్లు, సర్టిఫికెట్లు కూడా పెరిగాయి. ఫీజు కట్టి, అట్టగొట్టానికి రెక్కలు అతికించి, ఫొటో దిగి వస్తే ఉద్యోగానికి పనికొస్తుందా? కిట్టు పనికొస్తుంది కానీ సర్టిఫికెట్ పనికిరాదు. రెండింటికీ తేడా ఎక్కడుందో రెండు దశల స్కేల్ మోడల్ రాకెట్‌ని తీసుకుని చూద్దాం.

ఇప్పుడే ఎందుకీ సందడి?

2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. అనుమతుల కోసం ఇన్-స్పేస్ అనే సంస్థను ఏర్పాటు చేసింది. 2022 నవంబర్ 18న హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ ఏరోస్పేస్ తన విక్రమ్-ఎస్‌ను శ్రీహరికోట నుంచి పంపింది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్ నింగికెగరడం అదే మొదలు. 2023లో భారత అంతరిక్ష విధానం వచ్చింది. 2024 మే 30న చెన్నై సంస్థ అగ్నికుల్ తన అగ్నిబాణ్ సార్టెడ్‌ను పరీక్షించింది. 2025 నవంబర్ 27న స్కైరూట్ కొత్త ‘ఇన్ఫినిటీ క్యాంపస్’ను ప్రధాని ప్రారంభించారు. రాష్ట్రాలూ వెనకబడలేదు. తెలంగాణ 2022లో స్పేస్‌టెక్ పాలసీ తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2025లో స్పేస్ పాలసీకి ఆమోదం తెలిపింది.

అంటే అవకాశాలు గాల్లో మాటలు కావు. అయితే ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఈ కంపెనీలు ఐటీ సర్వీసు కంపెనీల్లాగా ఒకేసారి వేలమందిని తీసుకునేవి కావు. చిన్న టీమ్‌లు, ఎక్కువ వడపోత. ‘రాకెట్లంటే ఇష్టం సార్’ అనే వాళ్లు వాళ్లకి చాలామంది దొరుకుతారు. వాళ్లు వెతికేది ‘ఇది చేశాను, ఇక్కడ తేడా వచ్చింది, ఇందుకు వచ్చింది’ అని చెప్పగలిగే వాళ్ల కోసం.

రెండు దశలే ఎందుకు?

సింగిల్ స్టేజ్ మోడల్ రాకెట్ మంచి ఆట. రెండు దశల రాకెట్ దగ్గరికి వచ్చేసరికి అది ఇంజినీరింగ్ అవుతుంది. కాలిపోయిన మోటార్, ఖాళీ గొట్టం మోసుకుంటూ పైకి వెళ్లడం దండగ. అందుకే మొదటి దశ పని అయిపోగానే వదిలేసి, తేలికైన పై దశ మాత్రమే ముందుకెళ్తుంది. సూత్రం ఇంతే. కష్టమంతా ఆ వదిలేసే క్షణంలో ఉంది.

మన దేశ అంతరిక్ష చరిత్ర మొదలైందే రెండు దశల రాకెట్‌తో. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన నైకీ-అపాచీ అమెరికా నుంచి వచ్చిన రెండు దశల సౌండింగ్ రాకెట్. తర్వాత ఇస్రో సొంతంగా చేసిన రోహిణి ఆర్‌హెచ్-200 కూడా రెండు దశలదే. వాతావరణ పరిశోధన కోసం వాడే ఈ రాకెట్ 2022 నవంబర్ 23న వరుసగా 200వ విజయవంతమైన ప్రయోగం పూర్తిచేసుకుంది. స్కేల్ మోడల్ చేయాలనుకునే వాళ్లకి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. దాని వ్యాసం 200 మి.మీ., పొడవు దాదాపు 3.6 మీటర్లు. 1:8 స్కేలులో చేస్తే 25 మి.మీ. వ్యాసం, 45 సెం.మీ. పొడవు. టేబుల్ మీద పట్టేస్తుంది.

కిట్టులో దాగిన పాఠాలు

చిన్న మోటార్ల మీద సీ6-0, సీ6-7 లాంటి కోడ్ ఉంటుంది. అక్షరం మొత్తం ఇంపల్స్‌ని చెబుతుంది. సీ అంటే 5 నుంచి 10 న్యూటన్-సెకన్లు. ఒక్కో అక్షరం ముందుకెళ్తే గరిష్ఠ పరిమితి రెట్టింపు అవుతుంది. మధ్య అంకె సగటు థ్రస్ట్, న్యూటన్లలో. చివరి అంకె, ఇంధనం అయిపోయాక పారాచూట్‌ని బయటికి నెట్టే మందు పేలడానికి పట్టే సెకన్లు.

కింది దశకి చివర సున్నా ఉన్న మోటారే వాడాలి. దాంట్లో ఆలస్యం ఉండదు, పారాచూట్ మందూ ఉండదు. ఇంధనం చివరిదాకా కాలగానే వేడి వాయువులు, నిప్పురవ్వలు ముందుకు దూసుకెళ్లి పై మోటార్ నాజిల్‌లో పడతాయి, అది అంటుకుంటుంది. వైరు లేదు, బ్యాటరీ లేదు. రెండు మోటార్ల మధ్య దూరం ఎక్కువగా ఉంటే మాత్రం మధ్యలో చిక్కుకున్న గాలి ఒత్తిడికి, పైది అంటుకోకముందే దశలు విడిపోవచ్చు. అందుకే గొట్టానికి చిన్న వెంట్ రంధ్రాలు పెడతారు. పై దశ అప్పటికే వేగంగా వెళ్తుంటుంది కాబట్టి దానికి 5, 6, 7 సెకన్ల ఆలస్యం ఉన్న మోటార్ ఎంచుకుంటారు. ఆలస్యం తక్కువైతే ఇంకా వేగంగా వెళ్తుండగానే పారాచూట్ తెరుచుకుని చిరిగిపోతుంది.

ఇక బరువు. థ్రస్ట్ కనీసం రాకెట్ బరువుకి 5 రెట్లు ఉండాలన్నది ఈ హాబీలో వాడే లెక్క. సగటున 6 న్యూటన్ల మోటార్ అంటే రాకెట్ మొత్తం 120 గ్రాములు దాటకూడదు. రెండు మోటార్లు, జిగురు, పెయింటు, పారాచూట్ అన్నీ అందులోనే. మన ఆర్‌హెచ్-200 మోడల్‌కి నాలుగో కోటింగ్ వేయాలనిపించినప్పుడు ఈ లెక్క గుర్తొస్తే సిస్టమ్స్ ఇంజినీరింగ్ మొదలైనట్టే.

స్కేల్ మోడల్‌తో వచ్చే చిక్కు

రాకెట్ నిటారుగా వెళ్లాలంటే దాని గరిమనాభి, గాలి ఒత్తిడి కేంద్రానికి ముందుండాలి. కనీసం ఒక వ్యాసం అంత దూరం ఉండాలన్నది వాడుక సూత్రం. రెండు దశల రాకెట్‌లో రెండు మోటార్ల బరువూ వెనకే పడుతుంది. గరిమనాభి వెనక్కి జారుతుంది. దాన్ని సరిచేయాలంటే కింది రెక్కలు పెద్దవి కావాలి. కానీ స్కేల్ మోడల్‌లో రెక్క సైజు మన ఇష్టం కాదు, అసలు రాకెట్ నిష్పత్తిలోనే ఉండాలి. ముక్కులో బరువు పెడితే 120 గ్రాముల లెక్క దెబ్బతింటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ రెక్కలు అదనంగా పెడితే అందం కాస్త తగ్గుతుంది.

ఏది వదులుకోవాలి? దీనికి పుస్తకంలో జవాబుండదు. పైగా స్థిరత్వం లెక్క రెండుసార్లు వేయాలి. రెండు దశలూ కలిసి ఉన్నప్పుడు ఒకసారి, పై దశ ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకోసారి. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ల్యాప్‌టాప్ మీదే చేయొచ్చు. ఫిన్లండ్‌లో ఒక విద్యార్థి మాస్టర్స్ థీసిస్‌గా మొదలైన సాఫ్ట్‌వేర్ అది. స్టూడెంట్ ప్రాజెక్టు ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి అదే ఉదాహరణ.

పెద్ద రాకెట్లూ ఇక్కడే తడబడ్డాయి

‘బొమ్మ రాకెట్‌కి ఇంత సీనా’ అనుకోకండి. 2008 ఆగస్టులో స్పేస్‌ఎక్స్ ఫాల్కన్-1 మూడో ప్రయోగం విఫలమైంది. కారణం, ఇంజిన్ ఆపేశాక కూడా మిగిలిన కొద్దిపాటి థ్రస్ట్‌తో మొదటి దశ వెళ్లి రెండో దశను ఢీకొట్టడం. ఇంజిన్ ఆపడానికీ దశలు విడిపోవడానికీ మధ్య సమయం పెంచారు. ఆ ఏడాది సెప్టెంబర్ 28న నాలుగో ప్రయోగం కక్ష్యను చేరింది.

మన ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ1 సంగతీ అంతే. 2022 ఆగస్టు 7న రెండో దశ విడిపోతున్నప్పుడు కొద్దిసేపు వచ్చిన కంపనాలు యాక్సిలరోమీటర్ల పరిమితిని దాటాయి. సెన్సర్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ అనుకుంది, అత్యవసర పద్ధతిలోకి మారింది. ఉపగ్రహాలు 356 కి.మీ. వృత్తాకార కక్ష్యకు బదులు, ఒకవైపు 76 కి.మీ. దాకా కిందికి వచ్చే కక్ష్యలో పడ్డాయి, నిలవలేదు. లోపం సరిదిద్ది 2023 ఫిబ్రవరి 10న డీ2ని విజయవంతంగా పంపారు. మెకానికల్ కుదుపు, ఎలక్ట్రానిక్స్ కొలత, సాఫ్ట్‌వేర్ నిర్ణయం... మూడు బ్రాంచీలూ ఒకే క్షణంలో కలిశాయి. ‘నాది సీఎస్‌ఈ, నాకెందుకు రాకెట్’ అనే వాళ్లకి ఇదే జవాబు.

ముందు చట్టం, తర్వాతే సరదా

ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాలి. అమెరికాలో ఈ మోటార్లు హాబీ షాపుల్లో దొరుకుతాయి. మన దగ్గర ప్రొపెల్లెంట్లు పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనల పరిధిలోకి వస్తాయి. తయారీకి, నిల్వకి, అమ్మకానికి లైసెన్సు కావాలి. యూట్యూబ్ చూసి హాస్టల్ రూమ్‌లో చక్కెర, రసాయనాలు కలిపి మోటార్ చేయడం సాహసం కాదు. చేతివేళ్లతోపాటు కెరీర్ కూడా పోగొట్టుకునే పని. ఎగరేయాలంటే కాలేజీ ద్వారా, లైసెన్సున్న సంస్థ ఇచ్చిన మోటార్‌తో, అనుమతి ఉన్న మైదానంలోనే. ఇన్-స్పేస్ ఆధ్వర్యంలో మోడల్ రాకెట్రీ, క్యాన్‌శాట్ పోటీలు నడుస్తున్నాయి. సక్రమమైన దారి అది.

రెండు దశల రాకెట్‌లో అసలు ప్రమాదం ఇంకొకటుంది. మొదటి దశ మండుతున్నప్పుడే గాలికి రాకెట్ వంగిపోతే, రెండో దశ అంటుకునేసరికి దాని ముక్కు ఆకాశం వైపు కాకుండా జనం వైపు ఉండొచ్చు. అందుకే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెలిగించే పెద్ద మోడళ్లలో వంపు కొలిచే సెన్సర్ పెడతారు. రాకెట్ నిర్ణీత కోణం కంటే ఎక్కువ వంగితే రెండో దశకు నిప్పు అందదు. ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లకి ఇది నాలుగు నెలల మంచి ప్రాజెక్టు. మోటార్ లేకుండానే బెంచ్ మీద పరీక్షించొచ్చు.

రెజ్యూమెలో ఏం రాయాలి?

‘రాకెట్రీ వర్క్‌షాపులో పాల్గొన్నాను’ అన్న వాక్యం చూసి ఎవరూ ఆగరు. దాని బదులు ఈ నాలుగూ చూపించండి:

- సిమ్యులేషన్ చెప్పిన ఎత్తు ఎంత, ఆల్టిమీటర్ కొలిచిన ఎత్తు ఎంత, తేడా ఎందుకు వచ్చింది?
- బరువుల పట్టిక. అనుకున్న బరువు, తూచిన బరువు పక్కపక్కనే.
- ఏమేం విఫలం కావొచ్చు, ఒక్కోదానికి ముందే ఏం జాగ్రత్త తీసుకున్నారు?
- టీమ్‌లో మీ చేతులతో చేసిన భాగం ఏది? ‘మేం చేశాం’ కాదు, ‘నేను చేశాను’.

ఎగరేసే అవకాశం రాలేదా? మొదటి దాంట్లో సగం, మిగతా మూడూ ఎగరేయకుండానే సిద్ధం చేయొచ్చు.

ఒక చిన్న హెచ్చరిక. మోడల్ రాకెట్ చేశామని ఇస్రో రాతపరీక్ష మినహాయింపు ఏమీ ఉండదు. సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ పోస్టులకు బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతూ వచ్చారు. మార్కులు తగ్గించుకుని క్లబ్బులో తిరిగితే ఆ తలుపు మూసుకుపోతుంది. ప్రైవేటు కంపెనీల దగ్గర ప్రాజెక్టుకి విలువ ఎక్కువ, కానీ అక్కడా బేసిక్స్ అడుగుతారు.

వర్క్‌షాపుకి డబ్బు కట్టేముందు నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడగండి. మోటార్లకి లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? డిజైన్ మేమే చేస్తామా, లేక అతికించడమేనా? ఎగిరాక డేటా మా చేతికిస్తారా? మూడింటికీ సూటిగా జవాబొస్తే వెళ్లండి. ‘సర్టిఫికెట్ ఇస్తాం కదా’ అంటే మాత్రం ఆ డబ్బుతో ఒక సెన్సర్ బోర్డు కొనుక్కుని, ఈ రాత్రే ఓపెన్‌రాకెట్ డౌన్‌లోడ్ చేసుకోండి.